బలం పెంచే ముందు
బదిలీ అయిన ప్రతి ఊరికీ మా వెంట వచ్చిన పాత మారుతి జెన్ ఒక ఘాట్ రోడ్డు మీద ఆయాసపడింది. నాలుగు సిలిండర్లు, 993 సీసీల చిన్న ఇంజను. "సైలెన్సర్ మార్పించండి, పికప్ పెరుగుతుంది" అన్నారొకరు. మెకానిక్ మాత్రం స్పార్క్ ప్లగ్గులు విప్పి చూపించాడు. ఒకటి మసిపట్టి ఉంది. నాలుగు లాగాల్సిన బరువును మూడు సిలిండర్లే లాగుతున్నాయన్నమాట! ప్లగ్గులు, దుమ్ముపట్టిన ఎయిర్ ఫిల్టర్ మార్చి, టైర్లలో గాలి సరిచేశాడు. బండి ఘాట్ ఎక్కింది.

మోత పెరిగితే బలం పెరిగినట్టు కాదు. ఉన్న బలం ఎక్కడ పోతోందో ముందు చూడాలి. వెనుకబడిన ఒక విద్యార్థికి మేమూ ఒకప్పుడు అదనపు హోంవర్క్ ఇచ్చాం. వాడికి బోర్డు సరిగా కనబడడం లేదని ఆలస్యంగా తెలిసింది. ఇప్పుడు ముందు అదే అడుగుతున్నాం.