నల్లదారం, ఏడు వందల సీసా, ఒక స్టీలు దువ్వెన

మా ఇంట్లో ఎనిమిదేళ్ళ లాసా ఆప్సో ఉంది. పేరు చిట్టి. మా అబ్బాయి ఉద్యోగం మీద వేరే ఊరు వెళ్తూ మాకు అప్పగించాడు. హేతువాదికి కుక్క జుట్టుతో ఏం పని అనుకుంటున్నారా? నేనూ అలాగే అనుకున్నాను, పోయిన వానాకాలం వరకు.

అప్పుడు చిట్టి ఒంటిమీద చెయ్యి వెయ్యనివ్వడం మానేసింది. ఎడమ చెవి వెనక ముట్టుకుంటే గుర్రుమనేది. ఒకరోజు మనవరాలి చెయ్యి పట్టబోయింది. పక్కింటావిడ చూసి, "దిష్టి తగిలిందండీ, మెడలో నల్లదారం కట్టండి" అన్నారు. నేను నవ్వాను.

నవ్వి ఏం చేశాను? పెంపుడు జంతువుల సామాన్లమ్మే దుకాణానికి వెళ్ళి, ఏడు వందల రూపాయలు పోసి చిక్కులు వదిలించే స్ప్రే కొన్నాను. సీసా మీద వేపాకు, లావెండరు పూల బొమ్మలు. 'సంపూర్ణంగా సహజం', 'పశువైద్యులు మెచ్చినది' అని రాసుంది. ఏ వైద్యుడు, ఏ పరీక్ష చేసి మెచ్చుకున్నాడో లేదు. "రోజూ చల్లండి సార్, చిక్కులు వాటంతటవే ఊడొస్తాయి" అన్నాడు దుకాణంలో కుర్రాడు. మూడు వారాలు చల్లాను. పైపైన బ్రష్ ఆడించాను, స్నానాలు చేయించాను. జుట్టు పట్టులా మెరిసింది.

లోపల ఏం జరిగిందో పశువైద్యుడు మిషనుతో జుట్టు తీస్తుంటే బయటపడింది. చెవి వెనకా, ముంగాళ్ళ చంకల్లోనూ కంబళి ముక్కలా అట్టకట్టి ఉంది. దాని కింద తడి ఆరక చర్మం ఎర్రబడి రసి కారుతోంది. మూడు వారాలుగా అది గుర్రుమన్నది నొప్పితో. దిష్టి అన్నవారికీ, స్ప్రే చల్లిన నాకూ అది అర్థం కాలేదు.

డిఫెన్స్ అకౌంట్స్‌లో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసి రిటైరైన వాణ్ణి. వోచరు లేని బిల్లు పాస్ చెయ్యలేదని చెప్పుకునే వాణ్ణి. అలాంటి నేను సీసా మీది రాతను ఏ వోచరూ అడక్కుండా పాస్ చేశాను. దారం పది రూపాయలు, నా సీసా ఏడు వందలు. నమ్మకం మాత్రం ఒక్కటే.

అసలు జుట్టు ఎందుకు అట్టకడుతుంది? వెంట్రుక పైన పెంకుటింటి పెంకుల్లా సన్నటి పొలుసులుంటాయి. అవి కుదురు నుంచి కొస వైపు వాలి ఉంటాయి. అందుకే ఒక దిక్కుకు జారినంత సులువుగా రెండో దిక్కుకు జారవు. రాలిన వెంట్రుకలు కింద ఇరుక్కుని, రాపిడి, తడి తోడైతే ఒకదాన్నొకటి పట్టుకుని ముందుకే పోతాయి, వెనక్కి రావు. గొర్రె ఉన్ని నంబళంగా, ఫెల్టుగా గట్టిపడేది ఇందువల్లే. చిక్కు తియ్యకుండా స్నానం చేయిస్తే ముడి ఇంకా బిగుస్తుంది. నేను చేసింది సరిగ్గా అదే.

మనిషి జుట్టుకైనా ఇదే సూత్రం. కర్ణాటక, మహారాష్ట్ర, తెలంగాణ పల్లెల్లో ఆడవాళ్ళ జుట్టు ఇలా జడకడితే ఎల్లమ్మ వచ్చిందనేవారు, ఇప్పటికీ అనేవాళ్ళున్నారు. కత్తెర పెడితే అరిష్టమంటారు. ఆ జడనే సాకుగా చూపి ఎందరో ఆడపిల్లల్ని దేవదాసీలుగా, జోగినులుగా మార్చారు. కర్ణాటకలో 1982లో, ఆంధ్రప్రదేశ్‌లో 1988లో నిషేధ చట్టాలు చేయాల్సి వచ్చింది. నరేంద్ర దభోల్కర్ 1989లో స్థాపించిన మహారాష్ట్ర అంధశ్రద్ధా నిర్మూలన సమితి కార్యకర్తలు అలాంటి స్త్రీలను కూర్చోబెట్టి, ఒప్పించి, జడలు కత్తిరిస్తూ వస్తున్నారు. 2013 ఆగస్టు 20న పుణెలో దభోల్కర్‌ను కాల్చి చంపారు. ఆ పని మాత్రం ఆగలేదు. కుక్కకు జడకడితే దువ్వలేదంటాం. పేదింటి ఆడమనిషికి కడితే దేవత అంటాం. వెంట్రుకకు ఈ తేడా తెలియదు.

సరే, ఇక కొనాల్సిన వాటి సంగతి. ఎన్నో కొని పక్కన పడేశాక నాకు మిగిలినవి రెండే.

మొదటిది స్టీలు దువ్వెన. సగం దూరం పళ్ళు, సగం దగ్గర పళ్ళు ఉన్నది. నాకు 180 రూపాయలు పడింది. పళ్ళ కొసలు గుండ్రంగా ఉండాలి, వేలితో కదిపితే ఊగకూడదు. రెండోది స్లికర్ బ్రష్, అంటే మెత్తటి దిండు మీద వంకర తిరిగిన సన్నటి తీగలుండేది. 250 రూపాయలు. కొనేముందు దాన్ని మీ ముంజేతి లోపలివైపు మెల్లగా రుద్దుకుని చూడండి. గీరుకుంటే అక్కడే పెట్టెయ్యండి. మనకు గీరుకున్నది కుక్కకూ గీరుకుంటుంది.

రాలే జుట్టును లాగేసే బ్లేడు పరికరాలు ఖరీదైనవే, కానీ లాసా, షిట్జు లాంటి వాటి పొడుగు జుట్టును తెంపేస్తాయి. స్పిట్జ్, గోల్డెన్ రిట్రీవర్‌ లాంటి వాటికి లోపలి ఉన్ని దట్టం కనుక వాటికి దూరం పళ్ళ రేకు పనికొస్తుంది. ఏ జుట్టుకు ఏది అన్నది ధర చెప్పదు, జుట్టే చెబుతుంది.

పద్ధతి పరికరం కంటే ముఖ్యం. చర్మం కనిపించేలా పాయ తియ్యాలి. కుదురు దగ్గర వేళ్ళతో పట్టుకుంటే లాగుడు చర్మానికి తగలదు. కొస నుంచి మొదలుపెట్టి కొంచెం కొంచెంగా కుదురు వైపు రావాలి. చివర్లో స్టీలు దువ్వెన కుదురు నుంచి కొసదాకా ఆగకుండా వెళ్ళాలి. ఎక్కడ ఆగితే అక్కడ పని మిగిలి ఉన్నట్టు. చెవుల వెనక, చంకలు, తొడల లోపల, పట్టీ కింద తప్పకుండా చూడాలి.

మరి స్ప్రేలు? అవన్నీ మోసమని నేననను. వాటిలో ఉండే సిలికోన్లు, కండిషనర్లు వెంట్రుక మీద పొరలా పట్టి రాపిడి తగ్గిస్తాయి, దువ్వెన జారుతుంది. అంతవరకే. ముడి విప్పేది చెయ్యే. దీనికి ఏడు వందలు అవసరమా అని చూడాలనిపించి ఒకేలాంటి మూడు సీసాలు తీసుకున్నాను. ఒకదాంట్లో ఆ స్ప్రే. ఒకదాంట్లో గ్లాసుడు నీళ్ళలో చెంచాడు కుక్కల కండిషనరు. మూడోదాంట్లో ఉత్త నీళ్ళు. అంకెలు వేసి, ఏది ఏదో నా నోటు పుస్తకంలో రాసుకున్నాను. లావెండరు వాసన పట్టేస్తుందని మా ఆవిడ ముక్కుకు గుడ్డ కట్టుకుని మరీ దువ్వింది. నాలుగు ఆదివారాలు. ఉత్త నీళ్ళను ప్రతిసారీ గుర్తుపట్టింది. మిగతా రెంటికీ తేడా చెప్పలేకపోయింది. పైగా చివర్లో "ఖరీదైనది ఇదే కదూ" అని కండిషనరు నీళ్ళు చూపించింది.

ఒక కుక్క, ఒక మనిషి, నాలుగు వారాలు. దీన్ని శాస్త్రం అనను. ఎవరికి వారు ఇంట్లో చేసుకోదగ్గ పరీక్ష, అంతే. ఆ కలిపిన నీళ్ళు మాత్రం రెండు రోజుల్లో వాడెయ్యండి, నిలవుంచితే సూక్ష్మజీవులు పెరుగుతాయి.

'సహజం' అన్న మాటకు లొంగకండి. టీ ట్రీ నూనె చెట్టు నుంచి వచ్చేదే. చిక్కగా ఉన్నది పూస్తే కుక్కకు విషం, కాళ్ళు తడబడి నిస్సత్తువతో కూలబడుతుంది. పూసింది నాకుతుంది కనుక ప్రమాదం రెట్టింపు. కొబ్బరినూనె విషం కాదు గానీ దుమ్ము పట్టి ఇంకో అట్టకు పునాది వేస్తుంది.

అట్ట మరీ గట్టిదైతే పట్టుదలకు పోయి లాగకండి. కత్తెర అసలే వద్దు, చర్మం అట్టలోకి పైకి లాగబడి ఉంటుంది, తెగుతుంది. మిషనుతో తీయించెయ్యండి. రోజూ దువ్వే ఓపిక లేకపోతే లాసాకు రెండు నెలలకోసారి పొట్టిగా కత్తిరించడమే అన్నిటికన్నా చవక. స్పిట్జ్‌ను మాత్రం గుండు చెయ్యకండి, జుట్టు తిరిగి రావడానికి చాలాకాలం పట్టవచ్చు.

"డబ్బున్నవాడు ఖరీదైంది కొనుక్కుంటే నీకేం నష్టం?" అని మా తమ్ముడు అడిగాడు. నష్టం ఏడు వందలు కాదు. సీసా ఉంది కదా అని నేను పాయ తీసి చూడకపోవడం. దారం కట్టినవాళ్ళూ అందుకే చూడరు.

మొన్న పక్కింటావిడ వచ్చి, చిట్టి మనవరాలి ఒళ్ళో పడుకుని ఉండడం చూసి, "దారం కట్టారా?" అని అడిగారు. ఈసారి నవ్వలేదు. దువ్వెన తెచ్చి, చెవి వెనక పాయ తీసి, కొత్తగా మొలిచిన జుట్టు కింద మానిన చర్మం చూపించాను.