తురాయి ఎక్కడైనా పూస్తుంది.. చెట్టుకప్ప బతకదు

ఎండాకాలం వచ్చిందంటే దేశంలో ఏ ఊరి రోడ్డు చూసినా తురాయి చెట్లు ఎర్రగా విరగబూస్తాయి. గుల్‌మొహర్ అని కూడా పిలిచే ఈ చెట్టు పుట్టిల్లు మడగాస్కర్. త్వరగా ఎదుగుతుంది, నీడనిస్తుంది. నర్సరీలో మొక్క పెంచి ఎక్కడ నాటినా దాదాపుగా నిలదొక్కుకుంటుంది.

మలబార్ ట్రీ టోడ్ సంగతి వేరు. ఈ చిన్న కప్ప పడమటి కనుమల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా లేదు. తడి అడవుల్లో చెట్ల మీద బతుకుతుంది. తొలకరికి వాగుల దగ్గరకు దిగి గుడ్లు పెడుతుంది. పిల్లలు వాగులోని చిన్న నీటి గుంటల్లో పెరుగుతాయి. చెట్లు, నీడ, వాగు మూడూ ఒకేచోట ఉంటేనే దానికి బతుకు. ఐయూసీఎన్ దీన్ని అంతరించిపోయే ముప్పున్న జాతుల్లో చేర్చింది.

అడవిని లెక్కగట్టే మన పద్ధతికి ఈ తేడా కనిపించదు. 1980 నాటి అటవీ సంరక్షణ చట్టం కింద ప్రాజెక్టుకు అటవీ భూమి ఇస్తే, బదులుగా వేరేచోట మొక్కలు నాటాలి. ఆ నిధుల నిర్వహణకు 2016లో మరో చట్టం వచ్చింది. హెక్టార్లు, మొక్కలు లెక్కించడం తేలిక, ఆడిట్‌కూ వీలు. అందుకే గ్రేట్ నికోబార్‌లో 130 చదరపు కిలోమీటర్ల అడవికి పరిహారంగా హర్యానాలో మొక్కలు నాటే ప్రతిపాదన సాధ్యమైంది. దీవిలోని వానాడవికీ హర్యానా నేలకూ పోలిక లేకున్నా, కాగితం మీద లెక్క సరిపోతుంది.

కొన్నిసార్లు కోర్టులు అడ్డుపడుతున్నాయి. గోవా, కర్ణాటక సరిహద్దులో కాజిల్‌రాక్ – కులెం రైల్వే డబ్లింగ్‌కు జాతీయ వన్యప్రాణి బోర్డు ఇచ్చిన ఆమోదాన్ని సుప్రీంకోర్టు 2022 మేలో రద్దు చేసింది. ఆ మార్గం పడమటి కనుమల అడవుల గుండానే వెళ్తుంది. కానీ ప్రతి వాగు కోసం ఎవరో ఒకరు సుప్రీంకోర్టు దాకా వెళ్లలేరు.

మార్పు అంతకంటే ముందే, సర్వే దగ్గరే మొదలవ్వాలి. చాలా ప్రాజెక్టుల పర్యావరణ అధ్యయనాలకు వానాకాలం కాని ఒక్క సీజన్ వివరాలు సరిపోతున్నాయి. ఈ కప్ప తేలిగ్గా కంటపడేది మాత్రం వానల్లోనే. ఎండాకాలంలో వెతికి లేదని రాస్తే, ఆ నివేదికలో అబద్ధం ఉండదు, నిజమూ ఉండదు. ప్రపంచంలోని ఉభయచరాల్లో 41 శాతం ముప్పులో ఉన్నాయని 2023లో వెలువడిన అంచనా చెబుతోంది. పడమటి కనుమల్లో కనీసం ఒక వానాకాలం సర్వేను తప్పనిసరి చేయడం పెద్ద ఖర్చు కాదు.

తురాయిని నాటడంలో తప్పేమీ లేదు, నగరాలకు నీడ కావాలి. అయితే దాన్ని పోయిన అడవికి బదులుగా రాసుకోవడమే తప్పు.