కుటుంబ ఆరోగ్యము: రక్తము బాగుపడినది, మాత్ర మానవచ్చునా?

"మా వారికి 42 ఏండ్లు, వ్యవసాయము. మూడు నెలల క్రితము సి.ఎం.ఎల్. అనే రక్త క్యాన్సర్ అని చెప్పి, రోజుకొక ఇమాటినిబ్ మాత్ర వ్రాశారు. ఇప్పుడు తెల్ల కణములు మామూలుకు వచ్చాయట. కాని తెల్లవారేసరికి కళ్లు ఉబ్బుతున్నాయి, వికారము, రాత్రిళ్లు పిక్కలు పట్టేస్తున్నాయి. 'నాకు తగ్గిపోయింది, ఇక మాత్ర ఎందుకు' అంటున్నారు. పెద్దమ్మాయికి సంబంధములు చూస్తున్నాము. ఈ జబ్బు పిల్లలకు వస్తుందేమోనని అవతలివారు వెనుకాడుతున్నారు." – ఒక సహోదరి

ప్రియమైన సహోదరీ,

ముందుగా మీ అమ్మాయి సంగతి. ఈ జబ్బు అంటుకొనేది కాదు, తండ్రి నుండి పిల్లలకు వచ్చేదీ కాదు. పుట్టిన తరువాత ఎప్పుడో ఎముకల మూలుగలోని ఒక కణములో 9వ, 22వ క్రోమోజోముల ముక్కలు తారుమారు అవుతాయి. ఆ కణము నుండి పుట్టినవన్నీ అదుపు తప్పి పెరుగుతాయి. ఆ మార్పు మీ వారి మూలుగలోనిది, పిల్లలకు వెళ్లినది కాదు. సంబంధము వారికి ఈ మాట ధైర్యముగా చెప్పండి. నమ్మకపోతే డాక్టరుగారి వద్దకే తీసుకొని వెళ్లండి.

రక్త క్యాన్సర్ అనగానే ఊరిలో ఆశ వదులుకొనేది పాత రోజుల భయము. 2001కి ముందు చాలామంది కొద్ది సంవత్సరములే బ్రతికేవారు. ఆ సంవత్సరము ఇమాటినిబ్ వాడుకలోకి వచ్చినప్పటి నుండి, తొలి దశలో పట్టుకొని సరిగా వాడినవారు దాదాపు అందరివలెనే జీవిస్తున్నారు.

ఇక మీ వారి మాట. తెల్ల కణములు దిగడము మంచిదే, అయితే అది మొదటి మెట్టు మాత్రమే. చెడ్డ కణములు మూలుగలో ఇంకా ఉంటాయి. వాటిని కనిపెట్టేది బి.సి.ఆర్.-ఎ.బి.ఎల్. అనే పరీక్ష. మూడు నెలలకొకసారి చేయిస్తారు. మూడవ నెలకు అది 10 శాతము లోపు, ఏడాదికి 0.1 శాతము లోపు దిగితే మందు బాగా పనిచేస్తున్నట్లు. ఇప్పుడు మీరు అడగవలసినది ఈ అంకె. పదింట ఒక వంతు మాత్రలు తప్పినవారిలో కూడా ఫలితము బాగా పడిపోయినట్లు 2010లో లండనులో చేసిన పరిశీలనలో తేలింది. నెలకు మూడు మాత్రలంటే ఎంత? పెండ్లికి వెళ్లి ఒకటి, కోతల హడావుడిలో రెండు. అంతే. కొన్ని సంవత్సరములు పరీక్షలు చాలా బాగా వచ్చినవారిలో కొందరికి డాక్టర్లే గమనిస్తూ మాత్ర ఆపి చూస్తారు. మూడవ నెలలో ఎవరూ ఆపరు. ప్రార్థన కూటములో స్వస్థత కలిగిందని కొందరు, పసరు మందు నమ్మి కొందరు మానేస్తున్నారు. ప్రార్థించండి, మాత్ర కూడా వేయించండి.

బాధలకు ఉపాయములు ఉన్నాయి. మాత్రను పరగడుపున కాక, కడుపునిండా భోజనముతో, పెద్ద గ్లాసుడు నీళ్లతో వేయించండి. వికారము చాలావరకు తగ్గుతుంది. కళ్ల ఉబ్బుకు పచ్చళ్లు, ఉప్పు చేపలు తగ్గించి, రాత్రి తల క్రింద ఎత్తు పెట్టండి. పిక్కలకు నీళ్లు బాగా త్రాగించండి, డాక్టరుగారికీ చెప్పండి. మన వారిలో కొందరికి ఒంటి రంగు తేలిక అవుతుంది, దానికి కంగారు పడవద్దు. ఒక పూట మరచిపోతే మరునాడు రెండు వేయకూడదు.

జ్వరము, చిగుళ్ల నుండి రక్తము, ఆయాసము, కొద్ది రోజులలోనే బరువు పెరగడము కనిపిస్తే ఆలస్యము చేయక ఆసుపత్రికి వెళ్లండి. కణములు మరీ తగ్గితే వారే కొద్ది రోజులు మాత్ర ఆపుతారు. ఆ నిర్ణయము వారిది, ఇంటిలో తీసుకొనేది కాదు. ఇతర మందులు, మూలికలు ఏవైనా వారికి చూపించాకే. ఇదే మాత్ర వాడుతున్న స్త్రీలు గర్భము ధరించకూడదు.

ఖర్చు వలన మానాలనిపిస్తే, ఆ సంగతి దాచవద్దు. మాత్రకు, పరీక్షకు ప్రభుత్వ ఆరోగ్య పథకములో ఎంత వస్తుందో ఆసుపత్రి కౌంటరులో అడగండి. డబ్బాలో వారము మాత్రలు మిగిలి ఉండగానే తరువాతి నెలవి తెచ్చుకోండి, వానలకు బస్సులు ఆగినా ఇబ్బంది ఉండదు.