రిజిస్టరుకెక్కని వేళ్ళు

గుంటూరు జిల్లాలో ఒక స్పిన్నింగ్ మిల్లుకి వెళ్ళి, ప్రమాదాల రిజిస్టరు చూపించమని మా సంఘం తరపున అడిగాను. మేనేజరు గర్వంగా తెచ్చి చూపించాడు. ఏడాది పొడుగునా ఒక్క ప్రమాదమూ లేదు. గేటు బయట టీ బడ్డీ దగ్గర నాతో మాట్లాడిన కార్మికురాలికి మాత్రం కుడిచేతి రెండు వేళ్ళ కొసలు లేవు. ఆ ఏడాదే కార్డింగ్ మిషనులో పోయాయి.

మరి ఆ వేళ్ళు ఏ లెక్కలోకి వెళ్ళాయి?

చట్టం లేక కాదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 88వ సెక్షనూ, 2025 నవంబరులో దాని స్థానంలో అమల్లోకి వచ్చిన 2020 నాటి వృత్తి భద్రతా కోడ్ 10వ సెక్షనూ ఒకే మాట చెబుతాయి. దెబ్బ తగిలి 48 గంటలో ఆపైనో పనిచేయలేకపోతే యాజమాన్యం అధికారులకి తెలియజేయాలి. ఆ 48 గంటల్లోనే ఉంది కిటుకంతా. మర్నాడే ఆమెని పిలిపించి, కట్టు కట్టిన చేత్తో ఓ మూల కూర్చోబెట్టి హాజరు వేశారు. కూలి పోతుందని ఆమే వచ్చింది. కాంట్రాక్టరు తెచ్చిన వాళ్ళకైతే ఆ శ్రమా అక్కర్లేదు. మస్టరులో పేరే లేని మనిషికి ప్రమాదం ఎలా జరుగుతుంది?

జబ్బుల సంగతి మరీ అన్యాయం. పత్తి ధూళి వల్ల వచ్చే బిస్సినోసిస్ తప్పనిసరిగా తెలియజేయవలసిన జబ్బుల జాబితాలో ఉంది. వైద్యం చేసిన డాక్టరు కూడా తెలియజేయాలి. వారం సెలవు తర్వాత పనిలోకి దిగిన రోజున ఛాతీ పట్టేసినట్టుండటం దాని తొలి గుర్తు. కాని ఆడమనిషి ఆయాసమంటే రక్తం తక్కువంటారు, పొయ్యి పొగంటారు. "ఏం పని చేస్తావమ్మా?" అని అడిగే డాక్టర్లెందరు?

రాస్తే మిల్లుకి చెడ్డపేరట! రాయకపోతే నష్టపరిహారానికి ఆధారముండదు. మిషనుకి రక్షణ కవచం రాదు. రేపు అదే మిషను మరో చెల్లెలి చేతిని నలిపేస్తుంది.

తప్పు మనలోనూ ఉంది. ఇంట్లో పడ్డ దెబ్బల్ని మహిళా సంఘాలుగా మనం నమోదు చేశాం. మిల్లులో తగిలిన దెబ్బల్ని ట్రేడ్ యూనియన్లకి వదిలేశాం. ఇకనైనా ప్రతి సంఘమూ ఒక పుస్తకం పెట్టాలి. తేదీ, వేళ, మిషను, చూసినవాళ్ళు, డాక్టరు రాసింది, అన్నీ అందులో ఉండాలి. ప్రమాద నివేదిక నకలు తెలుగులో బాధితురాలి చేతికివ్వాలని పట్టుబట్టాలి.

ఆ మేనేజరు దగ్గరికి మేము మళ్ళీ వెళ్తాం. ఈసారి మా పుస్తకం పట్టుకుని వెళ్తాం.