రెండు వైపులా కాస్తే పందెం పందెం కాకుండా పోతుందా?

సిద్దిపేట నుండి ఒక సోదరి మాకు సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. పేరు ప్రకటించవద్దని కోరారు. ఆమె కుమారుడు ఇంజనీరింగ్ పూర్తిచేసి ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్నాడు. నమాజు తప్పని కుర్రవాడు. క్రికెట్ పందేల యాప్‌లు కొత్త ఖాతాదారులకు ఇచ్చే బోనస్‌ల నుండి ఏ నష్టమూ లేకుండా సొమ్ము తీసే పద్ధతి ఒకటి ఉందని, అందులో అదృష్టానికి తావు లేదు గనుక అది జూదం కాదని తల్లికి నోటుపుస్తకంలో లెక్క వేసి చూపాడట. ఒక పేరు మీద ఒక్కసారే బోనస్ వస్తుంది కాబట్టి అమ్మ పేరున ఒకటి, చెల్లెలి పేరున ఒకటి ఖాతాలు తెరవాలని, పాన్ కార్డు, ఆధార్, బ్యాంకు వివరాలు ఇవ్వమని అడుగుతున్నాడు. లెక్కలో తప్పు ఎక్కడుందో తనకు తెలియడం లేదని, మనసు మాత్రం ఒప్పుకోవడం లేదని ఆ తల్లి రాశారు. ఇప్పటికే అతని ఖాతాలో వచ్చిన మూడు వేల చిల్లర ఇంటి సరుకులకు ఖర్చయిందట. దాన్ని ఏం చేయాలన్నది ఆమె రెండో ప్రశ్న.

నిషిద్ధం అని ఒక్క మాట రాసి ఈ ఉత్తరాన్ని పక్కన పెట్టవచ్చు. కాని ఆ కుర్రవాడు జూదం ధర్మసమ్మతమని వాదించడం లేదు. తాను చేస్తున్నది జూదమే కాదంటున్నాడు. లెక్కతో వచ్చినవాడికి ముందుగా లెక్కతోనే బదులు చెప్పడం న్యాయం.

ఈ పద్ధతిని ఆంగ్లంలో మ్యాచ్‌డ్ బెట్టింగ్ అంటారు. ఇది ప్రధానంగా బ్రిటన్‌లో వ్యాపించింది. అక్కడ 2000లో బెట్‌ఫెయిర్ అనే ఎక్స్ఛేంజి మొదలైన తరువాత సామాన్యుడు కూడా బుకీ స్థానంలో నిలబడి, ఒక జట్టు గెలవదని ఎదుటి పందెం పట్టే వీలు కలిగింది. మన ప్రాంతపు బుకీల భాషలో ఈ రెంటికీ పాత పేర్లే ఉన్నాయి. గెలుస్తుందని కాయడం లగాయి, గెలవదని ఎదురు నిలవడం ఖాయి. ఒకే జట్టు మీద ఒకచోట లగాయి, మరోచోట ఖాయి చేస్తే ఫలితం ఏదైనా ఒక చేతి నష్టాన్ని రెండో చేయి పూడుస్తుంది. మధ్యలో మిగిలేది యాప్ ఇచ్చిన బోనస్.

ఉదాహరణ చూద్దాం. యాప్ 1,000 రూపాయల ఫ్రీ బెట్ ఇచ్చింది. గెలిస్తే లాభమే చేతికి వస్తుంది, ఆ వెయ్యి రాదు. ఒక జట్టుకు యాప్‌లో 5.0 రేటు ఉంది, అంటే గెలిస్తే 4,000 లాభం. ఎక్స్ఛేంజిలో అదే జట్టు మీద 5.2 రేటు వద్ద, 2 శాతం కమిషనుతో, 772 రూపాయలకు ఎదుటి పందెం పట్టాలి. జట్టు గెలిస్తే యాప్‌లో 4,000 వస్తాయి, ఎక్స్ఛేంజిలో 3,242 పోతాయి, 758 మిగులుతాయి. ఓడితే ఎక్స్ఛేంజిలో గెలిచిన 772 నుండి కమిషను పోగా 757 మిగులుతాయి. అయితే ఈ ఫ్రీ బెట్ చేతికి రావాలంటే ముందు సొంత డబ్బుతో ఒక పందెం కాయాలి. 1,000 రూపాయలు 2.0 రేటుకు కాసి, 2.06 వద్ద ఎదురు నిలిస్తే ఏ ఫలితం వచ్చినా సుమారు 39 రూపాయలు పోతాయి. అది పోయినా ఏడు వందలకు పైగా మిగులుతుంది.

సోదరీ, ఇంతవరకు మీ కుమారుని లెక్కలో తప్పు లేదు. ఈ మాట దాచవలసిన అవసరం మాకు కనిపించలేదు. మద్యంలోనూ జూదంలోనూ ప్రజలకు కొన్ని ప్రయోజనాలు ఉన్నాయని దివ్య ఖుర్ఆన్ బఖరా సూరా 219వ వాక్యంలో స్వయంగా ఒప్పుకుంది. ఆ తరువాతనే వాటి పాపం ప్రయోజనం కంటే పెద్దదని చెప్పింది.

అయితే ఆ లెక్క బ్రిటన్ నేల మీద వేసినది. అక్కడి కంపెనీలకు లైసెన్సు ఉంది, అడగడానికి గ్యాంబ్లింగ్ కమిషన్ అనే ప్రభుత్వ సంస్థ ఉంది, ఆడినవాడి గెలుపుపై పన్ను లేదు. అదే లెక్కను సిద్దిపేటకు తెచ్చి చూద్దాం.

మన వాళ్ల ఫోన్లకు వచ్చే ప్రకటనలు సాధారణంగా ఫ్రీ బెట్ గురించి కావు. పదివేలు వేస్తే మరో పదివేలు బోనస్ అంటాయి. దాని కింద చిన్న అక్షరాలలో, వేసినదీ ఇచ్చినదీ కలిపి ఇన్ని రెట్లు పందెం కాసిన తరువాతే సొమ్ము బయటకు తీయవచ్చని షరతు ఉంటుంది. పదిహేను రెట్లు అనుకుంటే 20,000 మీద 3,00,000 రూపాయల పందేలు కాయాలి. రెండు జట్లూ సమానమైన మ్యాచ్‌లో యాప్ ఇరువైపులా 1.90 రేటు ఇచ్చిందంటే, కాసిన ప్రతి నూరు రూపాయలలో సగటున ఐదు రూపాయలు తన పక్కన పెట్టుకున్నదని అర్థం. మూడు లక్షలకు అది 15,000. రెండు వైపులా కాసి జాగ్రత్త పడతానంటారా? పై ఉదాహరణలోని వెయ్యికి 39 చొప్పున మూడు లక్షలకు 11,700 పోతాయి. చేతికి వచ్చే బోనస్ 10,000. ఏ అదృష్టంతోనూ పని లేకుండా, ఖచ్చితంగా 1,700 నష్టం! బోనస్ ఎంత పెద్దదన్న దానికంటే ఎన్ని రెట్లు తిప్పాలన్నదే ఇందులో అసలు సంగతి. ప్రకటనలో పెద్ద అక్షరాలు దేనికి వాడారో, చిన్న అక్షరాలు దేనికి వాడారో చూస్తే చాలు.

ఇక పరిమితుల సంగతి. నిలకడగా గెలిచేవాడిని ఉంచుకోవడానికి ఏ బుకీకీ ఇష్టం ఉండదు. ఖాతా తీరు చూసి ఇతడు బోనస్ కోసమే వచ్చాడని గుర్తిస్తే, అతడు కాయగల గరిష్ఠ మొత్తాన్ని తగ్గించివేస్తారు, బోనస్‌లు ఆపివేస్తారు. బ్రిటన్‌లోనూ ఇది నిత్యం జరిగేదే. ఓడేవాడికి మాత్రం ఇలాంటి ఆంక్ష ఉండదు. ఆటలో గెలవగలిగినవాడిని బయటకు పంపి, ఓడేవాడిని లోపల కూర్చోబెట్టే అంగడి అది. మీ కుమారుడు రెండో పేరు, మూడో పేరు వెతుక్కోవడానికి కారణం కూడా ఇదే.

రెండు పందేలూ ఒకదానికొకటి సరిపోతాయన్న నమ్మకం కూడా ఎప్పుడూ నిలవదు. వాన పడి ఆట కుదించినప్పుడు, టై అయి సూపర్ ఓవర్‌కు వెళ్లినప్పుడు రెండు సంస్థల నియమాలు ఒకటిగా ఉండకపోవచ్చు. ఒకచోట పందెం రద్దయి, మరోచోట నిలిచిందంటే పైన చెప్పిన 3,242 రూపాయలు నిరాధారంగా గాలిలో వేలాడుతాయి. రేటు పొరపాటున ఇచ్చామని చెప్పి యాప్ తన పందెాన్ని తరువాత రద్దు చేసినా ఇదే స్థితి.

పన్ను మాట ఆ నోటుపుస్తకంలో ఉన్నట్లు ఉత్తరంలో కనబడలేదు. మన దేశంలో ఇటువంటి గెలుపుపై 30 శాతం ఆదాయపు పన్ను ఉంది. మరో సంస్థ వద్ద పోయిన సొమ్మును అందులో నుండి మినహాయించుకునే వీలు లేదు. యాప్‌లో 4,000 గెలిచి ఎక్స్ఛేంజిలో 3,242 పోగొట్టుకున్నవాడు 758 మీద కాక 4,000 మీద పన్ను కట్టాలి. అది 1,200. చట్టం ప్రకారం నడుచుకుంటే 442 రూపాయలు చేతి నుండి పడతాయి. నడుచుకోకపోతే అది మరో పాపం.

అసలు ఈ వ్యవహారమే ఇక్కడ చట్టవిరుద్ధం. తెలంగాణ ప్రభుత్వం 1974 నాటి గేమింగ్ చట్టాన్ని 2017లో సవరించి, ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడటాన్ని అందులోకి తెచ్చింది. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన కేంద్ర చట్టం ఆన్‌లైన్ డబ్బు ఆటలను దేశమంతటా నిషేధించింది. వాటిని నడిపేవారికి మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. ఆ చెల్లింపులకు తోడ్పడవద్దని బ్యాంకులనూ ఆదేశించింది. అంతకు చాలా ముందే, 1872 నాటి కాంట్రాక్టు చట్టం 30వ సెక్షను పందెపు ఒప్పందం చెల్లదని, గెలిచిన సొమ్ము కోసం కోర్టుకు వెళ్లలేరని తేల్చింది. యాప్ డబ్బు ఇవ్వనంటే మీ కుమారుడు ఎవరి తలుపు తట్టాలి?

ఇంత నిషేధం ఉన్నా యాప్‌లు నడుస్తున్నాయి గదా అని అడుగుతారేమో. నడిచే దారి ఏమిటో చూడండి. వాట్సాప్‌లో ఒక ఏజెంటు 'ఐడీ' ఇస్తాడు. డబ్బు ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి ఖాతాకు యూపీఐ ద్వారా వేయమంటాడు. గెలుపు మరో తెలియని ఖాతా నుండి వస్తుంది. ఆ ఖాతాలలో సైబర్ మోసాల సొమ్ము తిరిగితే, పోలీసులు దాని జాడ పట్టుకుని వెళ్లి డబ్బు చేరిన ప్రతి ఖాతానూ స్తంభింపజేయిస్తారు. అప్పుడు ఆగిపోయేది తల్లి పేరున ఉన్న ఖాతా. అందులో ఇంటి అవసరాల డబ్బు ఉండవచ్చు, గల్ఫ్ నుండి తండ్రి పంపిన సొమ్ము ఉండవచ్చు, చెల్లెలి పెళ్లికి దాచినది ఉండవచ్చు. సోదరీ, మీ కుమారుడు అడుగుతున్నది ఒక పాన్ కార్డు మాత్రమే కాదు.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. నష్టభయం లేకపోతే జూదం కాకుండా పోతుందా?

ఇస్లాంకు ముందు అరబ్బులు ఆడిన మైసిర్ ఎలా ఉండేదో వ్యాఖ్యాతలు వివరించారు. ఒంటెను కోసి మాంసాన్ని వాటాలు వేసేవారు. పది బాణాలు ఉండేవి. ఏడింటికి వాటాలు, మూడింటికి ఏమీ లేవు. ఖాళీ బాణం వచ్చినవారు ఒంటె ఖరీదు భరించేవారు. గెలిచినవారు ఆ మాంసాన్ని తాము తినకుండా బీదలకు పంచేవారు, తినడం నామోషీగా భావించేవారు. కరవు రోజులలో పేదవాడి కడుపు నింపిన ఆచారం అది. అల్లాహ్ దానినే నిషేధించాడు. గెలిచినవాని ఉద్దేశం ఎంత మంచిదైనా, పేదవానికి ఎంత మేలు జరిగినా ఆ వ్యవహారం స్వరూపం మారలేదు. ఇక ఒక ఇంజనీరు లెక్కతో అది మారుతుందనుకోవడం ఎలా?

రెండు పందేలు కాసినవాడు జూదపు ఒప్పందం ఒకటి తప్పించుకున్నవాడు కాడు, రెండు చేసుకున్నవాడు. యాప్‌తో ఒకటి, ఎక్స్ఛేంజిలో అవతలివానితో మరొకటి. ఆ అవతలివాడు లెక్క సరిచూసుకోలేదు. అతడు నిజంగానే తన జట్టు గెలుస్తుందని డబ్బు పెట్టాడు. అతనికి ఎదురు నిలిచి జూదం ఆడిస్తున్నది మన కుర్రవాడే. 'రా, జూదమాడుదాం' అని తోటివానిని పిలిచినవాడు ఆ పిలుపుకే పరిహారంగా దానం చేయాలని దైవప్రవక్త (స) చెప్పినట్లు బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. గెలుపు ఓటముల దాకా రాకముందే ఈ మాట. ఇక బోనస్‌గా వచ్చిన ఆ ఏడు వందల యాభై ఎక్కడిది? కంపెనీ తన ఇంటి నుండి తెచ్చినది కాదు. రెండు వైపులా కాయడం తెలియని వందల మంది పోగొట్టుకున్న దానిలోనిదే.

హజ్రత్ అబూబక్ర్ (రజి) రూమీయుల విజయం మీద పందెం కాశారు గదా అని చదువుకున్న యువకులు కొందరు ముందుకు తెస్తారు. ఆ ఉల్లేఖనం తిర్మిజీలో ఉన్నదే. అది జూదం నిషేధించబడక ముందు సంగతి అని కూడా అక్కడే ఉంది. సగం చదివి వాదానికి దిగడం మన కాలపు అలవాటు.

తల్లి పేరుతో, చెల్లెలి పేరుతో ఖాతా తెరవడం గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. ఆడేది తానే అయి, ఆడుతున్నది ఆమె అని రాయించడం అబద్ధం. ఎదుటివాడు జూదగాడైనంత మాత్రాన వానితో అబద్ధమాడటం మనకు ధర్మసమ్మతం కాదు.

మరొక సంగతి రాయకుండా ఉండలేము. 2023 డిసెంబరులో సిద్దిపేట జిల్లాలోనే ఒక పోలీసు ఉద్యోగి భార్యను, ఇద్దరు పిల్లలను కాల్చి తానూ కాల్చుకున్నాడు. ఆన్‌లైన్ పందేల వల్ల చేసిన అప్పులే కారణమని అప్పట్లో పత్రికలు రాశాయి. మీ కుమారుడు ఆ దారిలో ఉన్నాడని మేము అనడం లేదు. కాని ఐపీఎల్ జరిగే రోజులలో పూటపూటకూ రేట్లు చూస్తూ కూర్చున్నవానికి, ఈ ఒక్క మ్యాచ్ ఫలితం నాకు ఖాయంగా తెలుసు, రెండో వైపు ఎందుకు కాయాలి అనిపించే సాయంత్రం ఒకటి వస్తుంది. యాప్ ఎదురుచూసేది ఆ సాయంత్రం కోసమే. బోనస్ దాని ఎర.

కనుక సోదరీ, పాన్ కార్డు, ఆధార్ ఇవ్వకండి. కోపంతో కాక, ఈ పేజీ అతని ముందు పెట్టి మాట్లాడండి. లెక్కను గౌరవించే కుర్రవాడు మూడు లక్షల లెక్కను తానే తిరిగి వేసి చూసుకుంటాడు. ఇంత ఓపికగా లెక్క వేయగలవాడు సిద్దిపేట వ్యాపారుల జీఎస్టీ లెక్కలు రాసే చోట కూర్చున్నా, ఉద్యోగం దొరికే లోపు పని నేర్చుకుంటాడు, నాలుగు రూపాయలూ తెచ్చుకుంటాడు. తెరిచిన యాప్ ఖాతాలు మూయించండి. అతని బ్యాంకు ఖాతా ఇప్పటికే స్తంభించి ఉంటే దాచిపెట్టుకోకుండా బ్యాంకుకు వెళ్లి సంగతి చెప్పించండి. సొమ్ము ఎవరైనా మోసం చేసి లాగితే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయించండి.

సరుకులకు ఖర్చయిన మూడు వేల చిల్లర విషయానికి వస్తే, ఎక్కడిదో తెలియక వాడిన మీ మీద దోషం లేదు. అలాంటి సొమ్మును పుణ్యఫలం ఆశించకుండా అవసరంలో ఉన్నవారికి ఇచ్చి వదిలించుకోవాలని ఉలమాలు చెబుతారు. అంత మొత్తాన్ని మీ కుమారుడే తన కష్టార్జితం నుండి, ఒక్కసారి కాకపోతే నెలకు కొంత చొప్పున ఇవ్వాలి. మీరు మీ ఇంటి ఖర్చులో మిగిల్చి అతని తరఫున తీర్చకండి.