యౌవనస్థులతో ఒక మాట: కొనుక్కొనిన సర్టిఫికెట్



వేసవి సమీపించగానే ఇంజనీరింగ్ చదువుచున్న మన సంఘపు బిడ్డలు, సాఫ్ట్‌వేర్ ఇంటర్న్‌షిప్ కొరకు ప్రార్థించమని మమ్మును కోరుచుందురు. సంతోషమే. అయితే కొందరు తండ్రి అప్పుచేసి తెచ్చిన డబ్బు కట్టి, ఒక్క దినమైనను పనిచేయక, సర్టిఫికెట్ మాత్రము తెచ్చుకొనుచున్నారు. అది అబద్ధ సాక్ష్యము కాదా? రేపు ఇంటర్వ్యూలో ఆ పనిని గూర్చి రెండు ప్రశ్నలడిగితే ఏమి చెప్పుదురు?

నిజమైన ద్వారములున్నవి. 2005లో ఆరంభమైన గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్‌లో చేరుటకు రుసుము లేదు. 18 ఏండ్లు నిండినవారు ఇంటినుండే పనిచేయవచ్చును. పని సరిగా ముగించినవారికి స్టైపెండు ఇత్తురు. దరఖాస్తుకు ముందే ఆ ప్రాజెక్టులోని చిన్న లోపమొకటి సరిదిద్ది చూపుట మేలు.

అక్కడ మొదట నేర్చుకొనునది వినయము. మీరు వ్రాసిన కోడ్‌ను అనుభవజ్ఞులు చదివి, తప్పులు చూపి, తిప్పి పంపుదురు. నొచ్చుకొనవద్దు, శిక్షణ అదే. తెలియనిది అడుగుటకు సిగ్గుపడవద్దు.

దానియేలును అతని ముగ్గురు స్నేహితులును బబులోనులో మూడు సంవత్సరముల శిక్షణ ముగిసిన తరువాతనే రాజు ఎదుట నిలిచిరి. రాజు తానే వారిని ప్రశ్నించి పరీక్షించెను.

తలిదండ్రులారా, పొరుగింటి బిడ్డతో పోల్చి మీ బిడ్డలను తొందరపెట్టకుడి. ఈ ఏడు దొరకకపోయినను, నిజాయితీగా నేర్చిన పని వారి చేతిలో నిలుచును.

ప్రభువు మీ చేతిపనులను దీవించును గాక. ఆమెన్.