కొత్తవారికి చిట్కాలు చెప్పేదెవరు?

ఈ-సిగరెట్ కొత్తగా చేతికొచ్చిన వాళ్ళకు జాగ్రత్తలు చెప్పే వీడియోలు, రాతలు మన యౌవనస్థుల ఫోన్లలోకి చేరుతున్నాయి. కార్ట్రిడ్జ్ ఎలా బిగించాలి, ద్రవం ఎంతవరకు నింపాలి, కారకుండా ఎలా ఉంచాలి, కాయిల్ ఎప్పుడు మార్చాలి అని ఓపికగా చెబుతారు. కొత్త మిక్సీతో వచ్చే కాగితంలా ఉంటుంది ఆ భాష. పాపం అనే మాట సరే, పొగాకు అనే మాట కూడా అందులో వినపడదు. ఆ మామూలుతనమే నన్ను భయపెడుతోంది. వస్తువును ఎలా శుభ్రం చేసుకోవాలో నేర్చుకునేసరికి, అసలు అది నాకెందుకు అన్న ప్రశ్న వెనకబడిపోతుంది.

మాది బళ్లారి సరిహద్దు. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు పాత బళ్లారి జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు పోయాయి, బళ్లారి మైసూరుకు వచ్చింది. గీత గీశారు గానీ చుట్టరికాలు తెగలేదు, సంతలు తెగలేదు. జీన్స్ కుట్టే షెడ్లకు, గనుల లారీలకు, తోరణగల్లు ఉక్కు ఫ్యాక్టరీకి రెండు వైపుల నుంచీ మన పిల్లలు పనికి వస్తారు. దురలవాటుకూ సరిహద్దు లేదు. తాతలది చుట్ట, తండ్రులది బీడీ, అన్నలది గుట్కా. ఇప్పుడు తమ్ముళ్ళ చేతికి పెన్నులాంటి, పెన్‌డ్రైవ్ లాంటి ఈ వస్తువు వచ్చింది. పేర్లు నాలుగు, లోపల మనిషిని కట్టేసే పదార్థం మాత్రం ఒక్కటే. అది నికోటిన్.

అందుకే ఆ చిట్కాలను పక్కన పారేయకుండా ఒక్కొక్కటే తీసుకుని చూద్దాం. వాటిలోనే చాలా నిజం దాగి ఉంది.

"ద్రవం నింపాక కాసేపు ఆగండి, దూది తడవాలి." కార్ట్రిడ్జ్ లోపల చిన్న తీగచుట్ట ఉంటుంది, దాన్ని అంటుకుని దూది ఉంటుంది. బ్యాటరీ తీగను వేడి చేస్తే దూదిలోని ద్రవం ఆవిరవుతుంది. ఆ ద్రవంలో ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్, రుచి కోసం రసాయనాలు, ఎక్కువ వాటిలో నికోటిన్ ఉంటాయి. దూది ఎండిపోతే మాడు వాసన వస్తుంది. అలా అతిగా వేడెక్కినప్పుడు ఫార్మాల్డిహైడ్ లాంటి విషాలు పుడతాయి. చిట్కా చెప్పేవాడికి ఇది రుచి పాడయ్యే సమస్య, పీల్చేవాడికి ఊపిరితిత్తుల సమస్య. "ఇది ఉత్త నీటి ఆవిరే పాస్టర్ గారూ" అనే పిల్లలకు నేను చెప్పేది ఇదే: అందులో ఉన్నది ఇడ్లీ పాత్రలోంచి వచ్చే ఆవిరి కాదు.

"గట్టిగా లాగొద్దు, మెల్లగా అలవాటు చేసుకోండి." బీడీ మొదటిసారి తాగినవాడికి దగ్గు రాక మానదు. అది శరీరం వద్దని చెప్పడం. నికోటిన్ సాల్ట్ అనే రూపంలో గొంతు మంట తగ్గించి, పైన మామిడి, పుదీనా రుచులు చేర్చి, ఆ హెచ్చరికనే నొక్కేశారు. పైగా బీడీ ఒకచోట ఆరిపోతుంది, ఒకటి అయిందని లెక్క తెలుస్తుంది. దీనికి ఆరిపోవడం లేదు, లెక్క లేదు. మెల్లగా అలవాటు చేసుకోమనడం అంటే మెల్లగా బానిస కమ్మనడమే.

"రుచి మారితే కాయిల్ మార్చండి." కొన్ని పరికరాల ఆవిరిలో నికెల్, క్రోమియం, సీసం లాంటి లోహాలను పరిశోధకులు కనుగొన్నారు. అవి వచ్చేది ఆ వేడెక్కే తీగ, దాని చుట్టూ ఉన్న లోహపు భాగాల నుంచే. ఇక ఖర్చు సంగతి. పరికరం ఒక్కసారి కొంటే సరిపోదు. కార్ట్రిడ్జ్, ద్రవం, కాయిల్ మళ్ళీ మళ్ళీ కొనాలి. పీసుకింత అని కూలి తీసుకునే కుర్రాడి జేబులోంచి ఆ డబ్బు ఎవరి జేబులోకి పోతోందో ఆలోచించండి.

"నకిలీది కొనొద్దు, మంచి సరుకే కొనండి." మన దేశంలో ఇందులో మంచి సరుకు అనేదే లేదు, అమ్మేదంతా చట్టవిరుద్ధమే. దొంగచాటుగా వచ్చే సీసాలో ఏముందో పరీక్షించేవాడు లేడు. 2019లో అమెరికాలో ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. వేపింగ్ వల్ల ఊపిరితిత్తులు దెబ్బతిని 2020 ఫిబ్రవరి నాటికి 2,800 మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు, 68 మంది చనిపోయారు. వాళ్ళలో ఎక్కువమంది వాడింది గంజాయి సారం కలిపిన కార్ట్రిడ్జులు. వాటిలో కల్తీ చేసిన విటమిన్-ఇ ఎసిటేట్ అనే నూనెను ప్రధాన కారణంగా గుర్తించారు. అంత పెద్ద ప్రయోగశాలలున్న దేశంలోనే అలా అయితే, సంచిలో దాచి అమ్మే సరుకుకు పూచీ ఎవరు?

"పిల్లలకు అందనివ్వకండి, వాడినవి పారేయండి." మొదటి సగం అక్షరాలా నిజం. ఆ ద్రవం కొంచెం మింగినా పసిపిల్లల ప్రాణానికే ప్రమాదం. రెండో సగంలో ఒక మాట దాచేశారు. పారేస్తే అది ఎక్కడికి పోతుంది? తెల్లవారుజామున చెత్త ఏరే తల్లి చేతికి, పారిశుద్ధ్య కార్మికుడి బండిలోకి. లిథియం బ్యాటరీ నలిగితే మంటలు రేగుతాయి, మిగిలిన నికోటిన్ చర్మం గుండా కూడా ఒంట్లోకి చేరుతుంది. చేతికి గ్లవ్స్ కూడా ఇవ్వని ఆ పని మన దేశంలో ఏ కులాల వాళ్ళ మీద పడుతోందో ఈ పత్రిక పాఠకులకు నేను చెప్పక్కర్లేదు. ఒకరి సరదా చివరికి చేరేది వాళ్ళ అరచేతుల్లోకే.

ఇప్పుడు చట్టం సంగతి. కర్ణాటక ఈ-సిగరెట్ల అమ్మకాన్ని 2016లోనే నిషేధించింది. 2019 సెప్టెంబరులో కేంద్రం దేశమంతటికీ ఆర్డినెన్స్ తెచ్చింది, డిసెంబరులో అది చట్టమైంది. తయారీ, దిగుమతి, రవాణా, అమ్మకం, ప్రకటన, అన్నీ నేరాలే. మొదటిసారి పట్టుబడితే ఏడాది వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మళ్ళీ చేస్తే మూడేళ్ళ వరకు జైలు, ఐదు లక్షల వరకు జరిమానా. నిల్వ ఉంచినా ఆరు నెలల వరకు జైలు ఉంది. గమనించండి, శిక్షలు రాసింది ప్రధానంగా వ్యాపారం చేసేవాడికి. పీల్చేవాడికంటూ వేరే శిక్ష ఆ చట్టంలో రాయలేదు.

మన ప్రసంగ వేదికల మీద మాత్రం దీనికి తలకిందులుగా జరుగుతోంది. దొరికిన కుర్రాణ్ణి నిలబెట్టి దేహం దేవుని ఆలయం అని గద్దిస్తాం. అమ్మినవాడి ఊసెత్తం. ప్రభువు మెడకు తిరుగటిరాయి కట్టే మాట ఎవరి గురించి చెప్పాడు? తొట్రిల్లిన చిన్నవాడి గురించి కాదు, వాణ్ణి తొట్రిల్లజేసినవాడి గురించి. ఆ వరుస మార్చే హక్కు మనకు లేదు. అవమానపడిన పిల్లవాడు అలవాటు మానడు, దాచుకోవడం నేర్చుకుంటాడు. ఆ తర్వాత గుడికి రావడం మానేస్తాడు.

"ఇంగ్లండులో ప్రభుత్వమే ఇస్తోంది కదా?" అని చదువుకున్న యౌవనస్థులు అడుగుతున్నారు. న్యాయమైన ప్రశ్న. ఏళ్ళ తరబడి సిగరెట్లు తాగి మానలేకపోతున్న పెద్దవాళ్ళకు అక్కడ మార్పిడిగా ఇస్తున్నారు. కాలే పొగాకు కంటే దీనిలో హాని తక్కువని, కొందరు దీనితో మానగలిగారని అధ్యయనాలూ ఉన్నాయి. దాన్ని కాదనడం అబద్ధమాడటమే. కానీ అదే బ్రిటన్, పిల్లలు వీటికి అలవాటు పడుతున్నారని, వాడి పారేసే రకాన్ని 2025 జూన్ 1 నుంచి నిషేధించింది. మునిగిపోయేవాడికి కర్ర అందించడం వేరు, ఒడ్డున నిలబడ్డ పిల్లవాణ్ణి నీళ్ళలోకి తోయడం వేరు. బీడీ ముట్టని పదహారేళ్ళ పిల్లవాడికి ఇందులో తగ్గే హాని ఏమీ లేదు, కొత్తగా మొదలయ్యే హానే ఉంది.

ఇంకో మాట కూడా చెప్పాలి. దీని మీద మాత్రమే కేకలేస్తే మనం ఉన్నవాళ్ళ పిల్లల కోసమే ఏడ్చినవాళ్ళమవుతాం. 2016-17 జాతీయ సర్వే ప్రకారం దేశంలో పెద్దవాళ్ళలో 28.6 శాతం, అంటే దాదాపు 27 కోట్ల మంది, ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారు. వాళ్ళలో నమిలేవాళ్ళే ఎక్కువ. గుట్కాను కర్ణాటక, ఆంధ్ర రెండూ 2013లోనే నిషేధించాయి. అయినా పాన్ మసాలా ఒక పొట్లం, పొగాకు ఇంకో పొట్లం, రెండూ ఒకే దండలో వేలాడుతుంటాయి. మా పేటల్లో అమ్మలు, అక్కలు పని అలసట మరవడానికి నమిలేది అదే. నోటి పుండు మానలేదని ప్రార్థనకు వచ్చేదీ వాళ్ళే. నూనె రాయడానికి ముందు వాళ్ళను డాక్టరు దగ్గరికి పంపడం కాపరి బాధ్యత.

సంఘాలుగా మనం ఏం చేయగలం? బడికి వంద గజాల లోపు పొగాకు అమ్మకూడదని 2003 చట్టం చెబుతోంది. మీ బడి గేటు నుంచి అడుగులు లెక్కపెట్టి, యౌవన సహవాసం తరఫున రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. ఆంధ్రలో 18 ఏళ్ళ లోపు వారికి, కర్ణాటకలో సవరణ తర్వాత 21 ఏళ్ళ లోపు వారికి అమ్మడం నేరం. ఆ తేడా కోసం సరిహద్దు దాటి కొనుక్కొచ్చే పిల్లల మీద రెండు వైపుల సంఘాలూ కన్నేసి ఉంచాలి.

మానాలనుకునేవారికి కేంద్ర ప్రభుత్వ ఉచిత సహాయ నంబరు ఉంది: 1800-11-2356. ఈ సేవ నడిపే కేంద్రాల్లో బెంగళూరు నిమ్హాన్స్ ఒకటి. మందుల షాపులో దొరికే నికోటిన్ చూయింగ్ గమ్ కూడా డాక్టరు సలహాతో వాడొచ్చు. మానిన మొదటి వారం చిరాకు, నిద్రలేమి, ఆకలి ఎక్కువగా ఉంటాయి. మూడు నాలుగు వారాల్లో చాలావరకు తగ్గుతాయి. ఆ నాలుగు వారాలు ఆ బిడ్డకు తోడుగా ఉండే ఒక అన్న, ఒక అక్క మీ సంఘంలో ఉన్నారా? మధ్యలో మళ్ళీ జారితే అది విశ్వాసం లేకపోవడం కాదు. మెదడు పాత మేతకు అలవాటు పడి ఉంది, అంతే. మళ్ళీ మొదలుపెట్టించండి.

యౌవనస్థులారా, మీలో ఎవరి జేబులోనైనా ఇప్పుడు అది ఉంటే, ఈ మాటలు మిమ్మల్ని గుడి బయట నిలబెట్టడానికి రాయలేదు. మీకు చిట్కాలు చెప్పేవాడు మీ పేరు ఎరగడు, మీకు దగ్గు వచ్చిన రోజు మీ ఇంటికి రాడు. మీ సంఘ పెద్దల్లో మీరు నమ్మే ఒక్కరి దగ్గరికి ఈ వారమే వెళ్ళండి. పెద్దలారా, ఆ పిల్లవాడు మీ తలుపు తట్టినప్పుడు ముందు కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇవ్వండి. ఉపదేశం తర్వాత చెప్పొచ్చు.